అటెండర్

ఆసుపత్రిలో రోగి పక్కన ఉండేవాళ్ళకు ఒక పాసు ఇస్తారు. మా అవ్వను వేలూరుకు తీసుకొచ్చిన రోజు అత్త చేతికి వచ్చిన పాసు మీద ఆమె పేరు లేదు. 'అటెండర్' అని మాత్రం ఉండింది. నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో అటెండర్ అంటే తాలూకా ఆఫీసులో ఫైళ్ళు మోసే మనిషి. ఆయనకు నెలకు జీతం, ఆదివారం సెలవు, రిటైరైతే పెన్షన్ ఉంటాయి. మా అత్తకు ఆ మూడూ లేవు.

అవ్వా అత్తా ఉండేది గుడియాత్తంలో. తాత ఉన్నప్పుడు ఇంట్లో గుంట మగ్గం ఉండేదట, లుంగీలు నేసేవాళ్ళు. తర్వాత ఆ గుంట పూడ్చి సిమెంటు వేశారు. అవ్వ మంచం సరిగ్గా అక్కడే. నాన్న, అమ్మ, నేను కాట్పాడిలో. అమ్మ తమిళం మనిషి, కాబట్టి మా ఇంట్లో సాంబారు ఒక భాషలో, రసం ఒక భాషలో. అత్త మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసింది. బీడీలు చుడుతుంది. ఆ పని మంచం పక్కన కూర్చొని చేసుకోవచ్చు కదా, అందుకే అవ్వను చూసుకునే పని ఆమెకే పడింది. ఎవరూ అడగలేదు, ఆమె ఒప్పుకోనూ లేదు. అట్లా జరిగిపోయింది.

అవ్వకు చెంపలో పుండు. నలభై ఏళ్ళు ఆకువక్కతో పాటు పొగాకు నమిలింది. కరెంటు పెట్టించాం, తగ్గినట్టే తగ్గి మళ్ళీ మెడలోకి వచ్చింది. ఆ రోజు డాక్టరుకు తమిళం అంతంత మాత్రం, నేను కాలేజీ పిల్లనని నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఇక జబ్బు నయం చేసే వైద్యం లేదనీ, నొప్పి లేకుండా చూసుకోవడమే మిగిలిందనీ నిదానంగా చెప్పాడు. తర్వాత రెండు ప్రశ్నలు అడిగాడు. ఈమెను చూసుకునేది ఎవరు? ఈమె తరఫున నిర్ణయం చెప్పేది ఎవరు? మొదటిదానికి అత్త అన్నాను. రెండోదానికి నాన్న అన్నాను. చెప్తున్నప్పుడు అందులో నాకేమీ తప్పు తోచలేదు.

బయటికి రాగానే అవ్వ అడిగింది, "ఏం చెప్పినాడే?"

"మాత్రలు మార్చినారు అవ్వా" అన్నాను.

బస్సు పళ్ళికొండ దాటేవరకూ ఏమీ అనలేదు. తర్వాత కిటికీ వైపే చూస్తూ, "నువ్వు చెప్పినదాని కన్నా ఆయన మాట్లాడింది పొడుగ్గా ఉండింది గదా" అంది. పక్కన అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, చెప్పొద్దని. నేను చెప్పలేదు.

ఆ తర్వాతి నెలలు ఎక్కువ రాయను. మార్ఫిన్ మాత్రలు నాలుగు గంటలకొకసారి. దాంతో పాటు మలబద్ధకానికి మందు, లేకపోతే అదొక నరకం. మార్ఫిన్ అంటే మత్తుమందని, అలవాటైపోతుందని మా వీధిలో అందరూ అత్తను భయపెట్టారు. వాళ్ళ మాట విని రెండు రోజులు ఆపేసింది కూడా. ఆ రెండు రాత్రులు అవ్వ అరుపులు వీధి చివరికి వినిపించాయి. భయపెట్టినవాళ్ళు ఒక్కరూ రాలేదు. మన రాష్ట్రంలో 2021 ఆగస్టులో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' కింద ఇంటికి వచ్చిన నర్సక్క కూర్చోబెట్టి చెప్పాక మళ్ళీ మొదలుపెట్టింది. గడియారం మాట వింటుందే తప్ప మనుషుల మాట వినదు ఆ మాత్ర. ఆరు, పది, రెండు. మళ్ళీ ఆరు, పది, రాత్రి రెండు. అన్నిటికీ లేచేది అత్తే.

ఒక శనివారం అత్త గంగమ్మ గుడికి పోయింది. అవ్వ నన్ను పిలిచి, "నీ తెలుగు నోటు ఉండాదా?" అంది. సంచిలో ఉండింది. "నేను చెప్తా, రాయి" అంది. మాట సరిగ్గా రాదు, ఒక్కో మాటకూ ఆగేది. రాసిందంతా ఇక్కడ పెట్టను. ముక్కులో గొట్టం పెట్టొద్దు. ఊపిరి మిషను వద్దు. అంబులెన్సు పిలవొద్దు, మగ్గం ఉండిన చోటే పడుకోబెట్టండి. కమ్మలు కూతురికి, దానికి ఎవరూ అడ్డం రావొద్దు. శిరస్సు తిరునాళ్ళ లోపల పోతే పండగ ఆపొద్దు. చివర్లో, "నీకు ఆ పొద్దే తెలుసు, నాకూ తెలుసు" అంది. అది కూడా రాయమంటావా అని అడిగాను. వద్దంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, మీ ఇళ్ళల్లోనూ పనికొస్తుంది. కోలుకునే ఆశ లేని స్థితిలో ప్రాణాన్ని సాగదీసే వైద్యం వద్దని ముందే రాసి పెట్టుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు ఇచ్చింది. మొదట దానికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. మామూలు మనుషులకు అది అయ్యే పనా? 2023 జనవరిలో మార్చారు. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ఉంటే చాలు. తన తరఫున మాట్లాడేది ఎవరో అందులో పేర్లు రాయొచ్చు. నేను ఇదంతా తెలుసుకొనే సరికి అవ్వ లేచి కూర్చునే స్థితిలో లేదు. మాకు మిగిలింది ఆ నోటుపుస్తకమే.

మింగడం ఆగిపోయిన వారం నాన్న వచ్చాడు. ఆసుపత్రిలో చేర్పించి గొట్టం పెట్టిద్దామన్నాడు. "రేపు పదిమందీ కన్నతల్లిని చూసుకోలేదంటారు" అన్నాడు. నేను నోటు ఇచ్చాను. నాన్న చదివింది తమిళంలో. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు. అత్తకూ రావు. కాబట్టి నేనే పైకి చదవాల్సి వచ్చింది. అవ్వ మంచం మీద కళ్ళు మూసుకొని వింటూ ఉంది. "కమ్మలు కూతురికి" అన్న దగ్గర అత్త లేచి వంటింట్లోకి పోయింది.

"ఇది నువ్వు చెప్పి రాయించినదేనా?" నాన్న నన్నే అడిగాడు. నేను జవాబు చెప్పేలోపు అత్త వంటింటి గడప దగ్గర నిలబడి, "అన్నా, ఒక్క రాత్రి ఉండి చూడు. రెండు గంటలకు నువ్వు లే. పొద్దున ఏం చెప్పినా వింటా" అంది. మా అత్త నాన్నతో అట్లా మాట్లాడడం నేను పుట్టాక అదే మొదటిసారి.

నాన్న ఉన్నాడు. రాత్రి రెండింటికి మాత్ర పొడి చేసి చెంచా నీళ్ళలో కలిపి, చెంప లోపల కొద్దికొద్దిగా పోశాడు. దిండు మార్చాడు, పక్కకు తిప్పాడు, గుడ్డ మార్చాడు. ఆరింటికి మళ్ళీ. ఆ తర్వాత ఆసుపత్రి మాట ఎత్తలేదు. నోటులో ఉన్నది నిజమని నమ్మాడో, అలిసిపోయాడో నాకు తెలియదు. మొత్తం మీద తొమ్మిది రాత్రులు ఉన్నాడు. అవ్వ పోయింది తొమ్మిదో రాత్రి, మగ్గం ఉండిన చోటే. తిరునాళ్ళకు ఇంకా పన్నెండు రోజులు ఉండింది.

మన రాష్ట్రంలో 2023 సెప్టెంబరులో ఆడవాళ్ళకు నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. అది సాయం కాదు, జీతం లేని ఇంటి పనికి గుర్తింపు, అందుకే 'ఉరిమై తొగై' అని పేరు పెట్టాం అన్నారు. అత్తకూ వచ్చింది. అవ్వ ఉన్నన్నాళ్ళూ ఆ వెయ్యి డైపర్లకే పోయింది.

మిగిలిన మాత్రలు ఇంట్లో ఉంచకూడదు. లెక్కపెట్టి, ఆసుపత్రిలో వాపసు ఇచ్చి రమ్మని నన్ను పంపారు. పద్నాలుగు. అక్కడ కౌంటరు దగ్గరి నర్సు రిజిస్టరులో రాసుకొని, "మీ అటెండర్ ఎలా ఉన్నారు? నిద్ర పడుతోందా?" అని అడిగింది. మేము ఎవరమూ అడగలేదు ఆ మాట. తెలియదని చెప్పాను.

సాయంత్రం హాస్టలు నుంచి ఫోన్ చేశాను.

"రెండింటికి మెలకువ వస్తా ఉండాది" అంది అత్త. "లేచి ఏం చేస్తావు?" అన్నాను.

"ఏం చేస్తా, ఆకు కత్తిరిస్తా."