నతీజా ఏమైంది బేటా?

ఎర్రమంజిల్ అనే పేరు ఏ జబాన్‌ది అని అడిగితే మా గల్లీలో ఇప్పటికీ బహెస్ మొదలవుతుంది. ఈ గుట్టను తెలుగువాళ్లు ఎర్రగడ్డ అనేవాళ్లు. 1870 ప్రాంతంలో నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ దీని మీద మహల్ కట్టించి ఇరమ్ మంజిల్ అని పేరు పెట్టాడు. ఇరమ్ అంటే జన్నత్ లాంటి బాగ్. ఫార్సీ తెలిసినవాళ్లకు ఇరమ్‌గా, తెలుగువాళ్లకు ఎర్రగా వినబడాలనే ఆ పేరు ఎంచాడంటారు. ఇప్పుడు మెట్రో స్టేషన్ కూడా రెడ్ లైన్ మీదే పడింది, అది మాత్రం ఇత్తెఫాక్.

రెండు జబాన్ల మీద బతికే ఈ ఇలాఖా సంగతి ఒకసారి దునియా అంతా చదివింది. మాకు దగ్గర్లోనే, పంజాగుట్టలో నిమ్స్ దవాఖానా ఉంది. అప్పట్లో అక్కడి న్యూరాలజీలో పనిచేసిన సువర్ణ అల్లాడి, సుభాష్ కౌల్, వాళ్ల సాథీలు 648 మంది మతిమరుపు మరీజుల కాగితాలు తీసి చూశారు. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే రెండు, మూడు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలో కూడా ఆ ఫర్క్ కనబడింది. 2013లో అది ‘న్యూరాలజీ’ జర్నల్‌లో ఛపింది. తర్వాత 608 మంది స్ట్రోక్ మరీజులను చూశారు. ఫాలిజ్ పడ్డాక కూడా ఆలోచన, గుర్తు మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒక్క భాషవాళ్లలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం రెండు తరహాల వాళ్లకూ ఫర్క్ లేదు. ఆ సంగతీ దాచకుండా రాశారు. అది 2016లో ‘స్ట్రోక్’ జర్నల్‌లో వచ్చింది.

ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు అని మనం మామూలుగా గడిపేసే జిందగీ ఎవరో కూర్చుని లెక్కగట్టి రాస్తేనే ఇల్మ్ అయింది. రాయకపోతే అది మన దీవాన్‌ఖానా కబుర్లలో ఒకటిగా ఉండిపోయేది. ఈ మాట ఎందుకు ఎత్తానంటే, మా అబ్బా కూడా ఒక తహ్‌ఖీఖ్‌లో మరీజుగా ఉన్నారు. ఆ తహ్‌ఖీఖ్ చాలా రోజులు ఎక్కడా ఛపలేదు.

అబ్బా నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఫాలిజ్ కుడివైపు పడింది. జాన్ ఖైర్‌గా బయటపడింది, అల్‌హందులిల్లా. డిశ్చార్జి తర్వాత ఫిజియోథెరపీకి నగరంలో ఇంకో వైపున్న ఒక కాలేజీ సెంటర్‌కు తీసుకుపోయేవాళ్లం. అక్కడ నాడీ జబ్బుల ఫిజియోథెరపీలో పీజీ చేస్తున్న ఒక తెలుగు అమ్మాయి తన థీసిస్ కోసం అబ్బాను అడిగింది. ఆమెకు ఉర్దూ అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. అబ్బాను అంకుల్ అంటుంది. ఆయన ఆమెను బేటా అంటారు.

ఆమె సవాల్ సాదాదే. మామూలు కసరత్తులతో పాటు నేల మీద కూర్చుని లేవడాన్ని మెట్టు మెట్టుగా నేర్పిస్తే మరీజు నిలకడ ఇంకొంచెం మెరుగవుతుందా? ఒక గ్రూపుకు ఆ అదనపు తాలీమ్, ఇంకో గ్రూపుకు లేదు. ఎవరు ఎందులో పడతారో చీటీ తేలుస్తుంది. అమ్మీకి ఆ చీటీ సంగతి అస్సలు నచ్చలేదు. ఇలాజ్‌లో లాటరీ ఏంది అని గొడవ. ఆ అమ్మాయి నెమ్మదిగా సమ్జాయించింది. ఫాలిజ్ తర్వాత మొదటి నెలల్లో ఎవరికైనా కొంత తాకత్ దానంతట అదే వాపస్ వస్తుంది. ఒక్క అంకుల్‌ను చూసి, లేచి నిలబడ్డాడు కాబట్టి నా కసరత్తు పనిచేసింది అంటే అది ఝూట్ కావచ్చు ఆంటీ, పక్కన పోల్చి చూసేవాళ్లు ఉండాలి అంది. అబ్బా ఎడమ చేత్తో దస్తఖత్ చేశారు. వంకర టింకరగా వచ్చింది, కానీ గీతలు గీసిన మనిషి కదా, గడి దాటలేదు.

అబ్బాకు తాలీమ్ ఉన్న గ్రూపే వచ్చింది. మోకాలు ఒకటి కింద, ఒకటి పైన, చెయ్యి స్టూలు మీద. రుకూ, సజ్దా చేసీ చేసీ ఆయన వొంటికి తెలిసిన కదలికలే అవి. ఫాలిజ్ వాటిని మరిపించింది. ఆరు వారాలు, వారానికి మూడుసార్లు, ఆటో కిరాయా మాదే.

తర్వాత ఆ అమ్మాయి పాసయి వెళ్లిపోయింది. రెండేళ్ల తర్వాత ఒక షాదీలో కనబడితే అబ్బా మొట్టమొదట అడిగిన మాట, “నతీజా ఏమైంది బేటా?”

రెండు గ్రూపుల మార్కులూ పెరిగాయట, కానీ ఒకదానికొకటి ఫర్క్ లేదట. ఫర్క్ లేనిదాన్ని ఎవరు ఛాపుతారమ్మా, థీసిస్ పాసయింది చాలు అని పెద్దలెవరో అన్నారట. పుస్తకం లైబ్రరీ అల్మారాలోకి పోయింది. ఆ పెద్దలు ఎవరో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ మాట ఒక్కచోట కాదు, చాలా కాలేజీల్లో అంటారని మాత్రం చెప్పింది.

అబ్బాకు చిరాకు వచ్చింది. ఇంటికి వచ్చాక కూడా ఆగలేదు. మా డిపార్ట్‌మెంట్‌లో చెరువు కోసం ఒక జాగా సర్వే చేస్తాం, నేల పనికి రాదని తేలుతుంది. ఆ నక్షా చింపేస్తామా? ఫైల్లో పెడతాం. లేకపోతే పదేళ్ల తర్వాత ఇంకో ఇంజనీర్ సాబ్ వచ్చి అక్కడే తవ్వుతాడు, సర్కారీ పైసా మళ్లీ మట్టిలో పోతుంది. నా ఆరు వారాలు ఏ ఫైల్లో ఉన్నాయి?

ఆయన మాటకు డాక్టర్ల దునియాలో పెద్ద పెద్ద గవాహీలు ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. ఫాలిజ్ మరీజును ఎంత తొందరగా మంచం దించి నడిపిస్తే అంత మంచిదని ఫిజియోథెరపీలో చాలామంది నమ్మేవాళ్లు. 5 దేశాల్లో, 56 దవాఖానాల్లో, 2104 మంది మీద అవర్ట్ అనే పరీక్ష పెట్టారు. 24 గంటల్లోపే లేపి, మాటిమాటికీ కసరత్తు చేయించిన గ్రూపులో మూడు నెలల తర్వాత బాగున్నవాళ్లు 46 శాతం, మామూలు ఇలాజ్ గ్రూపులో 50 శాతం. ఫాయిదా అనుకున్నది కొంత నుక్సాన్‌గా తేలింది. వాళ్లు దాన్ని అల్మారాలో పెట్టకుండా 2015లో లాన్సెట్‌లో ఛాపించారు. అలా ఛాపించకపోతే ఆ తొందరే మంచి ఇలాజ్ అనుకుని మరీజులను లేపుతూనే ఉండేవాళ్లు.

ఇంకోటి మన దేశానిదే, మన ఇళ్లదే. ఫిజియోథెరపిస్టులు అందరికీ అందరు కాబట్టి ఘర్‌వాలేకే కసరత్తులు నేర్పి ఇంటికి పంపితే ఎలా ఉంటుందని 14 దవాఖానాల్లో 1250 మంది మరీజులతో చూశారు. అటెండ్ అని దాని పేరు. నాకు చదవకముందే నతీజా తెలుసు అనిపించింది. కోడళ్లు, కొడుకులు, మనవళ్లు అందరూ ఖిద్మత్ చేసే మన ఇళ్లలో ఫాయిదా లేకుండా ఎలా ఉంటుంది? కానీ ఆరు నెలల తర్వాత చూస్తే, చనిపోయినవాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడి ఉన్నవాళ్లు కలిపి రెండు గ్రూపుల్లోనూ 47 శాతమే. 2017లో అదీ లాన్సెట్‌లోనే వచ్చింది. ఖిద్మత్ వేస్ట్ అని దీని మతలబ్ కాదు. మామూలుగా జరిగే దేఖ్‌భాల్‌కు పైన, కొద్ది రోజుల ట్రైనింగ్ ఇచ్చి భారమంతా ఇంటివాళ్ల మీద వేస్తే అదనంగా ఒరిగింది లేదని. ఈ నతీజా దాచి ఉంటే, ఫిజియోథెరపిస్టుల పోస్టులు ఎందుకు, ఇంటి ఆడవాళ్లు ఉన్నారుగా అనడానికి ఎవరికైనా సులువయ్యేది. నాకు ఈ పరీక్ష మీద ఇజ్జత్ అందుకే.

హెల్సింకి ఎలాన్ అని ఒకటుంది. ప్రపంచ వైద్య సంఘం 1964లో చేసింది, తర్వాత చాలాసార్లు సవరించారు. మనుషుల మీద చేసిన తహ్‌ఖీఖ్‌లో ఫాయిదా కనబడినా, కనబడకపోయినా, ఏదీ తేలకపోయినా నతీజా అందరికీ తెలియజేయాలన్నది అందులో ఒక జిమ్మేదారీ. మన దేశంలో 2007 నుంచి ఐసీఎంఆర్ నడిపే ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది, సీటీఆర్ఐ అంటారు. ఏ పరీక్ష ఎవరు, దేనికోసం మొదలుపెట్టారో అందులో ఎవరైనా చూడొచ్చు. ఆ అమ్మాయి తన థీసిస్ అందులో నమోదు చేసింది. అబ్బా దగ్గరున్న ఇజాజత్‌నామా కాపీ మీద ఆ నంబర్ ఉంది. వెతికితే మొదలైనట్టు కనబడింది. ఏమైందో కనబడలేదు. రేపు మీ ఇంట్లో మరీజును ఎవరైనా ఇలా అడిగితే సంతకానికి ముందు ఆ నంబర్ అడగండి, నతీజా ఎలా ఉన్నా ఛాపిస్తారా అని కూడా అడగండి. బద్‌తమీజీ ఏమీ కాదు. వొళ్లు మనది, వక్త్ మనది, వాళ్ల దగ్గర అమానత్‌గా పెడుతున్నాం.

అబ్బా రెండుసార్లు ఫోన్ చేసేసరికి ఆ అమ్మాయి థీసిస్ బయటకు తీసింది. ఇప్పుడామె ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తోంది, ఒక చిన్న బాబు, రాయడానికి ఇషా తర్వాతే టైము. నూరు పేజీలకు పైనున్న పుస్తకాన్ని పది పన్నెండు పేజీలకు దించడం ఆటా పిసికినంత తేలిక కాదు. అప్పుడే ఆమెకు ఒక సంగతి తట్టింది. నిలకడ కొలవడానికి వాడింది బెర్గ్ స్కేల్. 14 పనులు, 56 మార్కులు. కుర్చీలోంచి లేవడం ఉంది, ఒంటికాలి మీద నిలబడటం ఉంది, కింద పడ్డ వస్తువు వంగి తీయడం ఉంది. నేల మీద కూర్చుని లేవడం లేదు. మనం నేర్పింది ఒకటి, కొలిచింది ఇంకోటి అయిందేమో అంకుల్ అంది. ఈ మాట థీసిస్‌లో లేదు, ఇప్పుడు పేపర్లో కమీ కింద రాసింది. ఇలాంటి చోటే రాయడం పనికొస్తుంది. తర్వాత చేసేవాళ్లు ఇంకో కొలత తెచ్చుకుంటారు.

ఎక్కడికి పంపాలన్నది ఇంకో సర్‌దర్ద్. థీసిస్ నమోదయిన రోజుల నుంచీ ఆమెకు మెయిళ్లు వస్తున్నాయి. మోహ్తరమా, మీ అమూల్యమైన పేపర్ పంపండి, మూడు రోజుల్లో ఛాపుతాం అని. ఫీజు సంగతి చివర్లో వస్తుంది. ఆ పేర్లు రాయను. కానీ ఈ ధందాకు మన షహర్ పేరు దునియాలో మోగిందని తెలుసుకోవడం మంచిది. హైదరాబాద్ కంపెనీ ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. నిపుణులు పరిశీలిస్తారని చెప్పుకోవడం, ఫీజులు ముందే చెప్పకపోవడం, సైంటిస్టుల పేర్లు ఇజాజత్ లేకుండా వాడటం, ఇవీ ఆరోపణలు. బిర్యానీకి, దవాలకు పేరున్న షహర్‌కు ఇదొకటి.

అసలు జర్నల్ అయితే పేపర్‌ను అదే పని తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపుతుంది. వాళ్లు తప్పులు వెతుకుతారు, సవాళ్లు వేస్తారు, నెలలు పడుతుంది. అమెరికా ఫిజియోథెరపిస్టుల ‘జర్నల్ ఆఫ్ న్యూరాలజిక్ ఫిజికల్ థెరపీ’ ఈ మైదాన్‌లో పెద్దది. చిన్న థీసిస్‌తో మొదటే ఆ దర్వాజా తట్టలేను అంది. ఒకచోట నుంచి వారంలోనే వాపస్ వచ్చింది. రెండోచోట పరిశీలనకు తీసుకున్నారు. పోయిన నెల సవాళ్లు వచ్చాయి.

అన్నీ లెక్కల గురించే, ఒక్కటి తప్ప. పరిశీలించిన వాళ్లలో ఒకరు అడిగారు: నేల మీద కూర్చోవడం ఈ మరీజుల రోజువారీ జిందగీకి ఎంత అవసరం, దయచేసి వివరించండి.

ఆమె ఫోన్ స్పీకర్‌లో చదివి తెలుగులో చెప్పింది. అబ్బా కాసేపు నవ్వారు. తర్వాత ఎడమ చేత్తో నా చేతికి కాగితం ఇచ్చి రాయమన్నారు. దస్తర్‌ఖాన్. జానమాజ్. మయ్యత్ ఇంట్లో పరిచిన షత్రంజీ. దర్గాలో ఫాతెహా. మనవడి పక్కన కూర్చుని అలిఫ్, బే చదివించడం. అమ్మీ లోపలి నుంచి, పాన్‌దాన్ ముందు కూర్చోవడం, అది కూడా రాయండి అంది. ఆ అమ్మాయి తన వైపువి కలిపింది, వ్రతంలో పీట, పెళ్లి విస్తరి, ఊళ్లో అరుగు.

“ఇవన్నీ నిజమే అంకుల్, కానీ ఒక్కోదానికి రెఫరెన్స్ కావాలి” అంది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు బాసింపట్టు వేయగలరా అని ఆసియా దేశాల్లో రాసినవి దొరికాయట. ఫాలిజ్ వాళ్ల గురించి ఇంకా వెతుకుతోంది. జవాబ్‌కు ఇచ్చిన గడువులో ఇంకా 12 రోజులు ఉన్నాయి.