రెజీనాలో గుర్తొచ్చే రావి నారాయణరెడ్డి

ఇక్కడ కెనడాలోని సస్కాచెవాన్‌లో ముసలి రైతుతో మాట కలిపితే కాసేపటికి టామీ డగ్లస్ పేరు రావాల్సిందే. రెండో ప్రపంచయుద్ధం సాగుతుండగా, 1944 జూన్‌లో, ఆయన పార్టీ 52 స్థానాలకు 47 గెలిచింది. అప్పుల కింద రైతు ఇల్లూ, ఇంటి భూమీ పోకుండా ఆ ఏడే చట్టం తెచ్చాడు. 1947 నుంచి రాష్ట్రమంతటికీ ఆసుపత్రి బీమా పెట్టాడు. పదిహేడేళ్లు ప్రీమియర్‌గా, అంటే మన ముఖ్యమంత్రిలా, పనిచేశాడు.

నాది ఆత్మకూర్ (ఎస్). ఆ 1944 అనగానే నాకు భువనగిరి గుర్తొస్తుంది. ఆ ఏడే అక్కడ జరిగిన ఆంధ్ర మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. అంతకు ముందు 1941లో మా కోదాడ వైపున్న చిలుకూరు సభకూ ఆయనే. యుద్ధకాలంలో లెవీ పేరిట ధాన్యం తీసుకుపోతుంటే, దొరలు వెట్టి చేయించుకుంటుంటే, భూమి నుంచి కౌలుదార్లను వెళ్లగొడుతుంటే, అడిగేందుకు జనానికి దొరికింది ఈ మహాసభే, వాళ్ల నోట సంగం. భువనగిరి తర్వాత అది చదువుకున్నవాళ్ల సభగా మిగల్లేదు, ఊరూరా సంగమైంది.

డగ్లస్‌కు ఓటుంది, శాసనసభ ఉంది. నిజాం రాజ్యంలో రైతుకు సర్కారును మార్చే ఓటు ఎక్కడిది? అందుకే ఒకే కాలంలో భూమి కోసం నిలబడ్డ ఇద్దరిలో ఒకాయన మంత్రివర్గంలో కూర్చున్నాడు, ఇంకొకాయన అజ్ఞాతంలోకి పోయాడు. రావి నారాయణరెడ్డి తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకుడు కావడానికి కారణాన్ని నేను ఇక్కడే చూస్తాను.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక, పోరాటం ఆపాలన్నాడు రావి నారాయణరెడ్డి. దాన్ని వెన్నుపోటు అన్నవాళ్లున్నారు. పోరాటంలో జనం చేతికొచ్చిన భూమిని దొరలు మళ్లీ లాక్కుంటారన్న వాళ్ల భయం ఉత్తది కాదు. అయినా నా మనసు ఆయన వైపే. నిజాం మీద లేచిన జనమంతా నెహ్రూ సైన్యం మీదా లేస్తారనుకోవడం పొరపాటు. పోరాటం ఇంకా సాగిన ఆ మూడేళ్లలో అడవుల్లో, జైళ్లలో పోయిన ప్రాణాలను తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. ఆ తర్వాతి ఎన్నికల్లో, కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో, రావి నారాయణరెడ్డి ప్రజాస్వామిక ఫ్రంట్ తరఫున నల్లగొండ నుంచి లోక్‌సభకు నిలబడ్డాడు. ఓటన్నది తొలిసారి చేతికొచ్చిన మా జనం నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ ఓట్లతో ఆయన్ను ఢిల్లీకి పంపారు.