పలిసెలు దిగినాయా?

తరగతిలో హేమంత వర్ణన చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు మంచు కంటె ముందు మా జొన్నచేను జ్ఞాపకం వస్తుంది. కర్నూలు సీమలోని నల్లరేగడి నేలల్లో మా ఊరు. నా చిన్ననాట పుష్యమాసపు ఉదయాన, పొగమంచు విడకముందే, తీగ మీద పాలపిట్ట, ఎనుము వీపు మీద పసులపోలిగాడు కనిపించేవి. పెరటి వేపచెట్టు కింద కూకుడుగువ్వ తన కిరీటాన్ని విప్పుతూ ముడుస్తూ తిరిగేది. ఉర్దూ మాట్లాడుకొనే మా ఇంట దాని పేరు హుద్‌హుద్. ఆ ఒక్కటి తప్ప తక్కిన పక్షుల పేర్లూ, పొలం మాటలూ మాకు తెలుగే. అవన్నీ నేర్పినవారు అబ్బాజాన్. ఆయనకు ఏ లిపీ రాదు.

మా శీతకాలానికి అసలు అతిథి పలిసె. గోరింకల జాతిది. తలా రెక్కలూ నలుపు, నడుమ గులాబివన్నె శరీరం. మధ్య ఆసియా గడ్డిమైదానాలలో మిడతలను మేపి పిల్లలను పెంచుకొని, వానకాలం ముగియకముందే మన దేశం చేరుతుంది. ఏప్రిల్ నాటికి తిరిగిపోతుంది. సాయంకాలం తుమ్మతోపు మీద వేల పక్షులు ఒకే వస్త్రంలాగా మడతలు పడుతూ విచ్చుకొంటూ ఎగరడం కన్నులపండువ. రైతుకు మాత్రం కడుపుమంట. కంకి పాలు పోసుకొన్న నాటినుంచి అబ్బాజాన్ మంచె ఎక్కి వడిసెల తిప్పేవారు. నేను డబ్బా వాయించేవాణ్ణి. చలికి వేళ్ళు కొంకర్లు పోయి డబ్బా జారవిడిస్తే, పలిసెలను తెలుగులోను, నన్ను ఉర్దూలోను తిట్టేవారు.

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, 1941లో తొలిసారి వెలువడిన సాలిం ఆలీ గారి భారతీయ పక్షుల గ్రంథాన్ని తిరగేస్తుండగా ఈ పక్షి ఎదురైంది. మా శత్రువుకు ఇంత గౌరవమా అని ఆశ్చర్యపోయాను.

ఇప్పుడు మా చేలో జొన్న లేదు, శనగ వచ్చింది. శనగకు మంచె అక్కరలేదు. నా చదువుకు రుసుము కట్టినది ఆ శనగే కనుక దానిని నిందించలేను. బట్టమేకపిట్టను కాపాడడానికి 1988లో మా జిల్లా రోళ్ళపాడులో అభయారణ్యం వెలసింది. పలిసెకు అంతటి ఆపద లేదు. లోకంలో ఇంకా లక్షలుగా ఉన్నది. మా ఊరి మీదికి రావడమే మానుకొన్నది.

అబ్బాజాన్‌కు రెండేళ్ళుగా చూపు లేదు. మొన్న సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు, వాకిట మంచం మీద దుప్పటి కప్పుకొని కూర్చుండి, “బేటా, పలిసెలు దిగినాయా?” అని అడిగారు. తుమ్మల మీద ఒక్క పిట్ట లేదు.

“దిగినాయి అబ్బాజాన్, చెట్టు కనపడకుండా” అన్నాను. పరీక్షలో చూచివ్రాసిన విద్యార్థిని మందలించే నోరే అది.

ఆయన కొంతసేపు చెవి యొగ్గి విన్నారు. “అన్ని దిగినప్పుడు రొద యాదిరా?”

నేను తలవంచుకొన్నాను. ఆయన కోపగించలేదు. కాస్త ఆగి, “పై ఏడు గట్టు పక్కన నాలుగు సాళ్ళు జొన్న ఎయ్యి. గింజ మనకొద్దులే” అన్నారు.

మరునాడు పక్క ఊరి రైతు వద్ద పచ్చజొన్న విత్తనం అడిగి తెచ్చి అటక మీద పెట్టించాను. అక్టోబరులో విత్తాలి.