అమ్మ లాప్‌టాపు

తెనాలిలో మా అమ్మ తన చిన్ననాటి సంగతులు రాసుకునే లాప్‌టాపు 2012లో కొన్నది. 4 జీబీ ర్యాము, 64 బిట్ల ప్రాసెసరు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఇంత పాత యంత్రాలను గుమ్మం తొక్కనివ్వదు. "కొత్తది కొంటానమ్మా" అంటే, "దీనికేమయిందిరా, అక్షరాలు పడుతున్నాయిగా?" అంది. జవాబు తోచక, లినక్సు వేద్దామనుకున్నాను.

అక్కడే నా అతితెలివి బయటపడింది. వెదికి వెదికి, ఉన్నవాటిలో అతి తేలికైన పంపిణీని స్థాపించాను. యంత్రం లేడిపిల్లలా పరుగెత్తింది. అమ్మ ఫైళ్ళు తిరిగి అందులో పెట్టి, తెరిచి చూడకుండానే మురిసిపోతూ హైదరాబాదు వచ్చేశాను.

ప్రతి ఆదివారం అమ్మ తను రాసింది ఫోనులో చదివి వినిపిస్తుంది. ఆ ఆదివారం వినిపించలేదు. తరువాతి ఆదివారమూ అంతే. మూడో వారం అడిగితే, "కళ్ళు ఆనడం లేదురా, రాసింది చాల్లే" అంది.

వెళ్ళి చూద్దును కదా, కళ్ళకేమీ కాలేదు. ఆమెకు అలవాటైన మెనూ లేదు. తెలుగు ఖతి వేయడం నేను మరచాను. డెబ్భై పుటల బాల్యం డబ్బాలు డబ్బాలుగా కూర్చుంది. తానే ఏదో పాడుచేశానని భయపడి, పాపం, నాకు చెప్పలేదు.

ఈసారి లినక్సు మింటు, ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పును పెన్‌డ్రైవులోకి ఎక్కించి, డిస్కును ముట్టకుండా అక్కడినుంచే నడిపాను. వైఫై, శబ్దం, తెర వెలుగు, తెలుగు ఖతులు అన్నీ సరిచూసుకుని, ఆమె నేర్చిన ఇన్‌స్క్రిప్టు అమరికను చేర్చి, మౌసు అమ్మ చేతికిచ్చి ఊరుకున్నాను. చెయ్యి తనంత తానే ఎడమవైపు కింది మూలకు పోయింది. మెనూ అక్కడే ఉంది. "అమ్మ" అని కొట్టి, ఒత్తు సరిగా పడిందో లేదో చూసుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాకే స్థాపించాను.

ఏదైనా చెడితే వ్యవస్థను వెనకటి స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్టు అందులోనే ఉంది. సొంత రాతలను దాచడం దాని పని కాదు గనుక, వాటి నకలు వేరే పెన్‌డ్రైవులో పెట్టాను. మొదటిదానంత వేగం లేదన్నది నిజమే. పాత హార్డుడిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించాక ఆ కొరతా తీరింది. మీది 32 బిట్ల యంత్రమైతే మాత్రం మింటు కొత్త కూర్పులు దానిలో నడవవు, వేరొకటి చూసుకోవాలి.

పాత లాప్‌టాపుకు ఏ లినక్సు మంచిదని నన్నెవరైనా అడిగితే, ఇప్పుడు ముందుగా నేనడిగేది ర్యాము సంగతి కాదు, దాని ముందు కూర్చునేదెవరని.

మొన్న ఆదివారం అమ్మ మూడు పుటలు వినిపించింది. చివర్లో "ఇంతకీ దీని పేరేమిట్రా?" అంది.

"మింటు. అంటే పుదీనా."

"పచ్చడి పేరా! ఇక మరిచిపోనులే."