బానెట్టు గొళ్ళెములు

తెనాలి పట్టణము గుండా కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు మూడు ప్రవహించుచున్నవి. వానిలో ఒక కాలువ గట్టునకు దాపున రేకుల కప్పుగల చిన్న కొట్టము ఒకటి ఉండెను. చేతిపనుల ఉపాధ్యాయుడుగా చిరకాలము పనిచేసి విరమించిన ఒక వృద్ధుడును, ఎనిమిదవ తరగతి చదువుచున్న అతని మనుమడును ఆ కొట్టములో మూడేండ్లనుండి ఒక చిన్న కారును నిర్మించుచుండిరి. ఇంజను ప్రమాదములో చితికిన ఒక పాత బండిది. చక్రములు వేరొక బండివి. చట్రము మాత్రము ఇనుప గొట్టములతో తాతయే కోసి అతికినది. మనుమడు బడినుండి వచ్చి పుస్తకముల సంచి ఒక మూలనుంచి, ఆకురాయి చేత పట్టుకొనెడివాడు. వారికి తోడు, బల్బు వెలుగునకు మూగు పురుగులే.

తెనాలివారికి పాత ఇనుము వింత కాదు. అచ్చటి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావుగారును, వారి కుమారుడు రవిచంద్రగారును మోటారు బండ్ల నట్లు, బోల్టులు, గొలుసులు, పళ్ళచక్రములు కూర్చి నిలువెత్తు విగ్రహములు చేసి పేరొందిరి. కాని విగ్రహము కదలనక్కరలేదు. కదలవలసినదానితోనే చిక్కు.

స్వయముగా కారు కట్టవలెనను ఆశ మనవారికి క్రొత్తది కాదు. కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామమున తెలుగు కుటుంబములో 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారు ఒక దొర నడుపు మోటారు సైకిలును చూచి విస్మయమొందెను. దానిని కొనుటకై పట్టణమునకు పోయి, ఒక హోటలులో వడ్డన చేసి, మూడువందల రూపాయలు కూడబెట్టెను. బండి చేతికి రాగానే ఆయన దానిని ఎక్కి ఊరేగలేదు. ముక్కలు ముక్కలుగా విప్పి, మరల కూర్చి, దాని మర్మము గ్రహించెను. 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ళ నడుమ ఒక్క బస్సుతో ఆయన వ్యాపారము ఆరంభమైనది. 1952లో ఇద్దరు కూర్చుండదగిన చిన్న కారును చేసి రెండువేల రూపాయలకు అందింపదలచెను. ప్రభుత్వమువారి అనుమతి దొరకక ఆ యత్నము ఆగిపోయెను. తెనాలి తాత ఈ కథను మనుమనికి ఎన్నిసార్లు చెప్పెనో లెక్కలేదు. హోటలు ఘట్టము వచ్చునప్పటికి మనుమడే ముందుగా “మూడువందలు!” అని అందించెడివాడు.

ఇంగ్లండు దేశమున ఈ వేడుక ఒక పరిశ్రమగనే వర్ధిల్లినది. 1957లో కోలిన్ చాప్‌మన్ సంస్థ లోటస్ సెవెన్ అను తేలిక కారును విడిభాగములుగా అమ్మసాగెను. పూర్తిగా కట్టిన కారునకు ఆనాడు కొనుగోలు పన్ను కలదు, విడిభాగములకు లేదు. అయితే కూర్చు విధానమును వ్రాసి ఇచ్చినచో పన్ను తప్పదట. అందువలన వారు కారును విప్పు విధానమును వ్రాసి ఇచ్చిరనియు, కొన్నవారు దానిని కడనుండి మొదటికి చదువుకొనిరనియు చెప్పుదురు. పన్నుల అధికారులు దానిని చదివి ఏమనుకొనిరో!

మన దేశములో ఇట్టి బండి నియమిత పరీక్షలలో నెగ్గి, రిజిస్టరు కానిదే రహదారి ఎక్కరాదు. ఈ సంగతి తాత ఎరుగును. బాపట్లకు ఆవల, సూర్యలంక సముద్రతీరమునకు పోవు దిక్కున, వారి బంధువునకు ఒక సరుగుడు తోట కలదు. తోట నడుమ తిన్నని మట్టిబాట. కారును చిన్న లారీపై ఎక్కించి అచ్చటికి కొనిపోయి నడిపి చూచుటకు నిశ్చయమయ్యెను.

నాటికి బండిలో పూర్తికాని పని ఒక్కటే మిగిలెను. ఇంజనుపై మూత, అనగా బానెట్టు, వెనుకవైపున కీళ్ళపై తిరుగునట్లు అమర్పబడెను. ముందువైపు పట్టి ఉంచుటకు తగిన గొళ్ళెము లేదు. తాత ఇంటి అటకనుండి ఒక పాత తలుపు గొళ్ళెమును తీసి, రెండు బోల్టులతో బిగించి, “ఈ పూటకు ఇది చాలులే” అనెను. జీవితమంతయు పిల్లలకు కొలతలు నేర్పినవాడు, ఆ ఒక్కదినము కొలవలేదు.

మొదటి రెండు పరుగులు చక్కగా సాగినవి. మూడవ పర్యాయము మనుమడు ప్రక్కన కూర్చుండెను. వేగము గంటకు ఏబది కిలోమీటర్లకు చేరునప్పటికి మట్టిబాట కుదుపునకు గొళ్ళెము సడలెను. బానెట్టు అంచు వ్రేలెడంత లేచినది. ఆ సందున గాలి దూరినది. మరుక్షణమున రేకంతయు విసరిన తలుపువలె పైకెగసి ముందుటద్దమును మోదెను. తాతకు ఎదుట ఆకాశము లేదు, బాట లేదు; నల్లరంగు రేకు మాత్రమే కలదు. అతడు బ్రేకుపై రెండు కాళ్ళును మోపెను. బండి ప్రక్కకు జారి, ఒక సరుగుడు మానునకు మూరెడు దూరమున నిలిచెను. అద్దపు పెంకు తగిలి బాలుని నుదుట నెత్తురు కారుచుండెను.

గాయము చిన్నది, మూడు కుట్లతో మానెను. కాని ఇంటిలో మాటలు మానినవి. బాలుని తల్లి తండ్రితో ఒక్కమాట అనెను: “నాన్నా, ఆ బండిని పాత ఇనుముల కొట్టులో తూకానికి వేసెయ్యండి.” అతడు బదులు చెప్పలేదు. కొట్టమునకు తాళము వేసి, తాళపుచెవిని ఆమె చేతికిచ్చెను. ఆ రాత్రి మనుమనితో మాత్రము, “తప్పు నాది రా. ఇంటి తలుపు ఉన్నచోట ఉంటుంది, బండి మూత ఉండదు. అది మరిచిపోయాను” అని మెల్లగా పలికెను.

గాలి బలమును మనము తక్కువగా తలంచుదుము. వేగము రెండింతలైనచో ఎదురుగాలి ఒత్తిడి నాలుగింతలగును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున చదరపు మీటరునకు రమారమి నాలుగు కిలోల బరువంత ఒత్తిడి యుండగా, 60 కిలోమీటర్లకు అది పదునేడు కిలోలు, 90 కిలోమీటర్లకు ముప్పదియెనిమిది కిలోలు దాటును. కర్మాగారములో తయారగు కారునకు ఇందువలననే రెండంచెల పట్టు పెట్టుదురు. లోపలి పిడి లాగినచో మొదటి పట్టు మాత్రమే వీడును. మూత కొంచెము లేచి, రెండవ కొండికి తగిలి ఆగును. ఆ కొండిని బయటినుండి వ్రేలితో తప్పించినగాని మూత తెరచుకొనదు. కొన్ని కార్లలో కీళ్ళు ముందువైపుననే ఉండును. అప్పుడు గాలియే మూతను మూసి పట్టును. పూర్వపు పందెపు కార్లలో మూతపై తోలుపట్టీ బిగించి కట్టెడివారు. అది అలంకారము కాదు.

ఇరువది దినములు గడచెను. ఒక ఉదయమున తల్లి బడికి పంపుటకై టిఫిను క్యారియరు సర్దుచుండగా బాలుడు దాని పట్టీని తదేకముగా చూచెను. మీటను సగము వంచినచో అది తిరిగి పైకి లేచుచున్నది. ఒక హద్దు దాటించినచో టక్కున తానే బిగిసికొనుచున్నది. గిన్నెలు పట్టీని లాగుకొలది మీట మరింత మూతపడుచున్నదేగాని తెరచుకొనుట లేదు. లాగు బలముయొక్క గీత మీట ఇరుసునకు ఈవలి ప్రక్కనుండి ఆవలి ప్రక్కకు మారుటయే అందలి రహస్యము. ట్రంకు పెట్టె కొక్కెమునకును అదియే సూత్రము. బాలుడు అన్నము సంగతి మరచి క్యారియరుతో తాత గదిలోనికి పరుగెత్తెను.

తాత దానిని నాలుగుసార్లు తెరచి, నాలుగుసార్లు మూసెను. తరువాత కుమార్తె వైపు చూచెను. ఆమె చాలసేపు నిలుచుండి, “గొళ్ళెం ఒకటి ఊడితే?” అని అడిగెను.

“రెండోది ఉంటుందమ్మా.”

“రెండూ ఊడితే?”

దీనికి అతనికి సమాధానము తోచలేదు. మరునాటి ఉదయమున చెప్పెను: “మధ్యలో మూడో కొండి పెడతాను. అది వ్రేలుపెట్టి తీస్తే తప్ప రాదు.” ఆమె తాళపుచెవిని బల్లపై నుంచెను.

ఆదివారమునాడు తాతయు మనుమడును రైలెక్కి రేపల్లెకు పోయిరి. తెనాలినుండి పోవు ఆ శాఖామార్గము రేపల్లెతో సమాప్తమగును, ఆవల కృష్ణానది. జీపు బండ్లను బాగుచేయు ముసలి మేస్త్రి ఒకడు అచ్చట ఉండెను. జీపు బానెట్టును రెండు ప్రక్కల స్ప్రింగు కొక్కెములు పట్టి ఉంచునని చదువరులలో కొందరు చూచియే యుందురు. మేస్త్రి పాత సామానుల డబ్బానుండి ఒక జత కొక్కెములను తీసి, ఒకదానిని బాలుని చేతిలో పెట్టి, లాగి చూడుమనెను. స్ప్రింగు చప్పున విరిగెను. “సముద్రపు గాలి, బాబూ. పైకి రంగు బాగానే ఉంటుంది, లోపల తుప్పు తినేస్తుంది” అని నవ్వి, మంచి జతను వేరొక డబ్బానుండి తీసి ఇచ్చెను. వెల పుచ్చుకొనెను గాని, వెలలేని మాట ఒకటి చేర్చెను: “గొళ్ళెం మూతని పట్టుకోవాలి గానీ మొయ్యకూడదు. మూత రబ్బరు దిండ్ల మీద కూర్చోవాలి. లేకపోతే కుదుపంతా కొక్కెం మీదే పడుతుంది.”

తరువాతి రెండు వారములు కొట్టములో జరిగిన పని చూచువారికి విసుగు పుట్టించునది, చేయువారికి పండుగ. ముందుగా అట్టముక్కతో కొక్కెపు నమూనా కత్తిరించి, మూతకు ఇరువైపుల పెట్టి చూచిరి. రబ్బరు దిండ్లు నాలుగు అమర్చి, వానిపై మూత సమముగా ఆనువరకు కొలతలు సరిచేసిరి. అటుపిమ్మట రంధ్రములు. ఎడమవైపు రంధ్రమును మనుమడు తానే చేయుదుననెను. తొందరలో పంచితో గుంటు పెట్టకుండనే డ్రిల్లును మోపెను. వంపు రేకుపై డ్రిల్లు మొన జారి, రంధ్రము మూడు మిల్లీమీటర్లు తప్పెను. బాలుని ముఖము వెలవెలబోయెను.

తాత కోపింపలేదు. తప్పిన రంధ్రమును కొలిచి, నోటు పుస్తకములో వ్రాసి, “పలుచని రేకుకి వెనకాల ఎలాగూ ఇనుప బిళ్ళ వెయ్యాలి. ఆ బిళ్ళ కాస్త వెడల్పుగా వేద్దాం, ఇది కప్పడిపోతుంది” అనెను. బిళ్ళను రివెట్లతో బిగించి, సరియైన తావున గుంటు పెట్టి, మొదట సన్నని మొనతోను పిదప లావు మొనతోను తొలిచిరి. కుదుపునకు సడలకుండుటకై నట్ల క్రింద స్ప్రింగు వాషరులు వేసిరి. కడపట మూడవ కొండి. ఆ పని ముగిసిన సాయంత్రము తల్లి వచ్చి, రెండు కొక్కెములను తానే విప్పి, మూతను రెండు చేతులతో బలముకొలది పైకి లాగెను. అది రెండు వ్రేళ్ళు లేచి ఆగెను. మరల లాగెను. కదలలేదు.

తిరిగి బాపట్ల సరుగుడు తోట. ఈ మారు తాత ఒంటరిగా బండి ఎక్కెను. మూతకును ప్రక్క రేకుకును నడుమ నాలుగుచోట్ల సుద్దతో అడ్డగీతలు గీసిరి. మూత కదలినచో గీత తప్పును. తల్లి కుమారుని భుజముపై చేయి వేసి బాట ప్రక్కన నిలిచెను. బండి ముప్పది, నలుబదియైదు, అరువది కిలోమీటర్ల వేగమున మూడు పరుగులు తీసెను. మూడును ముగిసిన పిదప బాలుడు మోకరిల్లి గీతలను పరీక్షించెను. కుడివైపున చెక్కుచెదరలేదు. ఎడమవైపున ఒక గీత వెంట్రుకవాసి తప్పెను. రబ్బరు దిండు క్రింద పలుచని ముక్క ఒకటి చేర్చి, మరల గీసి, మరల నడిపిరి. గీత నిలిచెను.

తాత బండి దిగి మనుమని పిలువబోవునంతలో, కుమార్తె చీర కుచ్చిళ్ళు సవరించుకొని ముందుకు వచ్చి, కుడివైపు కొక్కెమును ఒకసారి, ఎడమవైపు కొక్కెమును ఒకసారి లాగి చూచి, ప్రక్క ఆసనమున కూర్చుండెను. అటునిటు పరికించి, “ఇంతకీ నాన్నా, దీనికి హారనేదీ?” అని అడిగెను.

తాతయు మనుమడును ఒకరి ముఖము నొకరు చూచుకొనిరి.