తాలు ఏరేచోట కలరా కబురు

తుళ్లూరు దాటి పెదపరిమి పొలాల్లోకి దిగేసరికే ముక్కు మండింది. రాజధాని క్రేన్లు వెనకబడ్డాయి. ఇక్కడ ఇంకా నల్లరేగడే, మిరప కల్లాలే. పట్టాల మీద తేజ కాయ ఆరబోశారు. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఆడకూలీలు తాలు ఏరుతున్నారు: తెల్లబారిన కాయ బుట్టలోకి, ఎర్రది రాశిలోకి.

ఒక పరిశోధన సంగతి తలలో పెట్టుకుని వచ్చాను. 2010లో జపాన్‌లో ఒసాకా ప్రిఫెక్చర్ విశ్వవిద్యాలయంలోని యమసాకి బృందం ఎండుమిర్చి సారాన్నీ, దాని ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్‌నీ కలరా బ్యాక్టీరియా మీద ప్రయోగించింది. బ్యాక్టీరియా చావలేదు. విషం తయారుచేయడం మాత్రం బాగా తగ్గించింది.

"కారం తింటే ఏ పురుగైనా చచ్చుద్ది బాబూ" అంది వరసలో పెద్దావిడ.

"చావలేదు పెద్దమ్మా, నోరు మూసుకుంది."

కలరా బ్యాక్టీరియా కాలవ నీళ్లలో విషం జోలికి పోదు. అక్కడ దానితో పనిలేదు, శక్తి దండగ. హెచ్‌-ఎన్‌ఎస్ అనే ప్రోటీన్ విషం తయారుచేసే జన్యువుల మీద కూర్చుని వాటిని పలకనివ్వదు. పేగులోకి చేరాక పరిస్థితి వేరు. బ్యాక్టీరియా పొరలో ఉండే టాక్స్‌ఆర్, టీసీపీపీ ప్రోటీన్లు కలిసి టాక్స్‌టీ అనే మరో ప్రోటీన్‌ని మేల్కొలుపుతాయి. పేగులోని బైకార్బొనేట్ దానికి ఊపునిస్తుంది. పేగుకు అంటుకునే పోగులూ, విషమూ టాక్స్‌టీ పుణ్యమే. ఆ విషం సోకిన పేగు కణాలు ఒంట్లోని ఉప్పునీ నీటినీ బయటికి తోడేస్తాయి. గుంపు బాగా పెరిగాక బ్యాక్టీరియాలు రసాయన సంకేతాలతో ఒకదాన్నొకటి పసిగట్టి, విషం ఆపేసి, పేగు వదిలిపోతాయి. మహా లెక్కగల జీవి!

క్యాప్సైసిన్ సమక్షంలో హెచ్‌-ఎన్‌ఎస్ జన్యువు జోరందుకుంది, టాక్స్‌టీ తగ్గింది. నాకు నచ్చింది ఇదే. చంపే మందుకు బతికి బయటపడ్డవి మొండికేస్తాయి. చంపకుండా నోరు కట్టే మందుకు ఆ బెడద తక్కువ ఉండొచ్చు.

అయితే అదంతా గాజునాళిక ముచ్చట. పచ్చడి కలుపుకుని తింటే కలరా రాదనుకుంటే మోసపోతాం. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో అతిసారం ప్రాణాలు తీసింది, తాగునీళ్లలో మురుగు కలిసి. అక్కడివాళ్లు కారం తక్కువ తినేవాళ్లేం కాదు.

పెద్దావిడ బుట్టలోంచి తెల్లకాయ ఒకటి తీసి చూపించింది. "అయితే ఆ మందుకు ఈ తాలు పనికొచ్చుద్దా? రేటు పెరుగుద్దా?"

టిక్కీలు తొక్కిస్తున్న రైతు అటునుంచే అందుకున్నాడు: "ఎర్రకాయకే దిక్కు లేదు, తాలుకా!"