మెట్ల మీద మనిషి

మొన్న శనివారం మంచులో కారు బయటికి తీయలేక, మేమిద్దరం ఇంట్లో కూర్చుని 1933 నాటి 'ఫార్టీ సెకండ్ స్ట్రీట్' మళ్ళీ చూశాం. బ్రాడ్వే తెర వెనక కథ. ఆర్థిక మాంద్యం రోజులు. ఆట దెబ్బతింటే అందరికీ కూడు పోతుంది. మొదటి ప్రదర్శనకి ముందురాత్రి నాయిక చీలమండ విరుగుతుంది. గుంపులో ఆడే కొత్తపిల్ల పెగ్గీ ఆమె స్థానంలో దిగి గెలుస్తుంది. బస్బీ బర్క్లీ కూర్చిన నృత్యాలు ఇప్పటికీ కళ్ళు తిప్పుకోనివ్వవు.

మొదటిసారి చూసినప్పుడు మేం రెసిడెన్సీలో ఉన్నాం. గుంటూరులో డాక్టర్లమై వచ్చి, ఇక్కడ మళ్ళీ వెనకవరసలో నిలబడ్డవాళ్ళం. పెగ్గీ అంటే మేమే అనుకున్నాం.

ఈసారి చూపు దర్శకుడు జూలియన్ మార్ష్ మీదికి పోయింది. ఒంట్లో బాగాలేదని డాక్టరు హెచ్చరించినా వినకుండా, అరిచి, కసిరి అందర్నీ తయారుచేస్తాడు. చివరికి జనం, అంతా ఆ పిల్ల గొప్పే, దర్శకుడిదేముంది అనుకుంటూ పోతుంటే, థియేటరు పక్కన ఇనపమెట్ల మీద ఒక్కడూ కూర్చుని వింటాడు.

మాకు మొదటి ఏడాది రాత్రి డ్యూటీ నర్సు గుర్తొచ్చింది. మందు మోతాదు తప్పు రాస్తే, పదిమందిలో అనకుండా పక్కకి పిలిచి దిద్దించేది. తెల్లవారాక రోగి బంధువులు కృతజ్ఞతలు మాకు చెప్పేవారు, మేం పుచ్చుకునేవాళ్ళం. ఆవిడ రిటైరైన రోజున కేకు తిని వచ్చేశామే గాని, ఆ మాట చెప్పలేదు.

ఆదివారం ఉత్తరం రాశాం. కవరు మీద పేరు రాయబోతే, ఆవిడ ఇంటిపేరు మాకు తెలియదని తెలిసింది. సోమవారం ఆస్పత్రిలో అడగాలి.